డర్బను నుండి జొహానెస్‌బర్గు ఎంత దూరము?



దూరమను మాటను మనము దినమునకు బదిమాఱులు వాడుచుందుము గాని, నిలిచి దాని యర్థమును విచారించుట యరుదు. మైలవరము బస్సుస్టాండులో నిలుచున్న యొక పెద్దమనిషిని "అయ్యా, బెజవాడ యెంత దూరము?" అని యడిగి చూడుడు. "గంట, గంటంబావు పట్టును" అని జవాబు వచ్చును. అడిగినది దూరము, చెప్పినది కాలము. అయినను అడిగినవాడు తృప్తిపడి పోవును. చెప్పినవాడును తప్పు చెప్పినట్లు తలంపడు. ఈ రెండును వేఱువేఱు సంగతు లనియు, ఒకదానినుండి మఱియొకదానిని రాబట్టుటకు గొంత లెక్కయు, గొంత లోకజ్ఞానమును గావలె ననియు తెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ విషయము నాకు దట్టుటకు మా తరగతియే కారణము. ఒకనాడు తొమ్మిదవ తరగతిలో ఆఫ్రికాఖండపు పాఠము జరుగుచుండెను. పటముమీద డర్బను, జొహానెస్‌బర్గు అను రెండు పట్టణములను జూపి, వాని నడిమి దూరమును గొలిచి, విమానమున నెంతసేపటికి బోవచ్చునో చెప్పుడని యడిగితిని. ఒక బాలుడు గీటుబద్దను బెట్టి కొలిచి, స్కేలుతో హెచ్చించి, "అయ్యా, 500 కిలోమీటర్లు. విమానము గంటకు 800 కిలోమీటర్లు పోవును. కావున ముప్పదియేడున్నర నిమిషములు" అని చెప్పెను. తరగతి యంతయు సరియనెను. నేనును సరియే యంటిని. మఱునాడు ఒక బాలిక ఆ రెండు పట్టణముల నడుమ దిరుగు విమానముల వేళలపట్టికను వ్రాసికొని వచ్చి, "అయ్యా, ఇందులో ఒక గంట పది నిమిషములని యున్నది. మిగిలిన యరగంట యెచ్చటికి బోయినది?" అని యడిగెను. అప్పటికప్పుడు నేను సరియైన జవాబు చెప్పలేకపోతిని. ఆమె ప్రశ్నకు జవాబే యిది.

ఆఫ్రికాలో నెన్నియో పట్టణము లుండగా ఈ రెండింటినే యేల యడిగితి నందురా? డర్బను మనకు బొత్తుగా బరాయి యూరు కాదు. 1860వ సంవత్సరము అక్టోబరులో మద్రాసు రేవు విడిచిన 'ట్రూరో' అను ఓడ, ఇంచుమించు 340 మంది కూలివారితో నవంబరు 16వ తేదీని డర్బను చేరెను. అది మొదలు 1911 వఱకు లక్షా యేబదిరెండు వేలకు పైబడిన భారతీయులు ఒప్పందపు కూలికి నేటాలు సీమకు బోయి, చెఱకు తోటలలోను బొగ్గు గనులలోను బనిచేసిరి. అందు మన తెలుగువారు వేలకొలది. 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు అచ్చటి తెలుగువారికి బోధకుడుగా సముద్రము దాటిరి. 1931లో అచ్చటి తెలుగువారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. కావున డర్బను లెక్క తెలుగువారి లెక్కయే.

మొదటి మెట్టు: బారు దూరము

కొండపల్లి కొండలకు ఈవలనుండి ఆవలికి మనము పోవలసినచో బాట కొండను జుట్టి పోవును. కాకి మాత్రము కొండమీదుగా నేరుగా నెగిరిపోవును. ఆ కాకి పోవు దూరమునే బారు దూర మందుము. దీనిని గొలుచుటకు గీటుబద్ద యవసరము లేదు. ప్రతి యూరికిని అక్షాంశము, రేఖాంశము అను రెండు సంఖ్యలు గలవు. అవి తెలిసినచో గాగితముమీదనే లెక్క వేయవచ్చును.

జొహానెస్‌బర్గు దక్షిణ అక్షాంశము 26 డిగ్రీల 12 నిమిషములు. తూర్పు రేఖాంశము 28 డిగ్రీల 3 నిమిషములు. డర్బను దక్షిణ అక్షాంశము 29 డిగ్రీల 51 నిమిషములు. తూర్పు రేఖాంశము 31 డిగ్రీల 1 నిమిషము. అక్షాంశముల భేదము 3 డిగ్రీల 39 నిమిషములు, అనగా 3.65 డిగ్రీలు. రేఖాంశముల భేదము 2 డిగ్రీల 58 నిమిషములు, అనగా 2.97 డిగ్రీలు.

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దానిని 360 డిగ్రీలచే భాగించినచో డిగ్రీ యొకటికి 111 కిలోమీటర్లు వచ్చును. కావున ఉత్తర దక్షిణములుగా ఈ రెండూళ్ల యెడము 3.65 ఇంటు 111, అనగా 405 కిలోమీటర్లు.

తూర్పు పడమరల లెక్కలో నొక మెలకువ గలదు. రేఖాంశపు గీతలు భూమధ్యరేఖయొద్ద దూరముగా నుండి, ధ్రువములకు బోవుకొలది దగ్గఱకు వచ్చి, తుదకు ఒక్కచోట గలిసికొనును. బత్తాయిపండు తొనలను జూచిన నిది తెలియును: తొన నడుమ వెడల్పు, కొనల సన్నము. కావున రేఖాంశపు డిగ్రీ యొకటి అంతటను 111 కిలోమీటర్లు కాదు. ఈ రెండూళ్ల నడిమి అక్షాంశమైన 28 డిగ్రీలయొద్ద అది 98 కిలోమీటర్లు మాత్రమే. 2.97 ఇంటు 98, అనగా 291 కిలోమీటర్లు.

ఇప్పుడు మనకు లంబకోణ త్రిభుజ మొకటి యేర్పడినది. దాని రెండు భుజములు 405, 291. కర్ణము కావలెను. 405 వర్గము 1,64,025. 291 వర్గము 84,681. రెండును గూడినచో 2,48,706. దీని వర్గమూలము సుమారు 499. గీటుబద్దతో మా బాలుడు కొలిచిన 500 కిలోమీటర్లకు ఇది సరిపోయినది గదా! మైళ్లలో నిది 310. రేఖాగణితపు తరగతిలో "ఇది మాకెందులకు?" అని విసుగుకొనువారు ఈ లెక్కను జ్ఞప్తియందుంచుకొనవలెను.

భూమి గుండ్రనిది; త్రిభుజము చదునైన కాగితముమీదిది. ఐదాఱువందల కిలోమీటర్లలో ఈ భేదము గణింపదగినది కాదు. మద్రాసునుండి డర్బను వఱకు గల దూరమువంటి పెద్ద దూరములకు మాత్రము గోళముమీది లెక్కయే వేయవలెను. అట్లు వేసినచో నది సుమారు 7,100 కిలోమీటర్లు వచ్చును.

రెండవ మెట్టు: త్రోవ దూరము

డర్బను సముద్రతీరపు రేవు. జొహానెస్‌బర్గు 1886లో బంగారు గనులు బయల్పడిన పిమ్మట బుట్టిన పట్టణము. అది సముద్రమట్టమునకు 1,700 మీటర్లకు బైగా ఎత్తున నున్న పీఠభూమిమీద నున్నది. ఈ రెండింటి నడుమ డ్రాకెన్స్‌బర్గు పర్వతముల యంచు గోడవలె నిలిచియున్నది. కావున కారులో బోవువాడు బారు దూరమైన 500 కిలోమీటర్లకు బదులు సుమారు 570 కిలోమీటర్లు పోవలెను. రైలుమార్గము అంతకంటెను దీర్ఘము. రైలుబండి నిటారుగా నెక్కలేదు గనుక పట్టాలు మలుపులు తిరిగి తిరిగి పైకి బోవును.

విమానమునకు గొండ యడ్డము కాదు. కాని విమానము పట్టణము నడుమనుండి పట్టణము నడుమకు బోదు; విమానాశ్రయమునుండి విమానాశ్రయమునకు బోవును. 2010 మే 1వ తేదీన దెఱవబడిన డర్బను క్రొత్త విమానాశ్రయము, జులూ రాజైన షాకా పేర నున్నది, ఊరికి ఉత్తరమున సుమారు 35 కిలోమీటర్ల దూరమున గలదు. జొహానెస్‌బర్గు విమానాశ్రయమునకు 2006లో ఆలివర్ టాంబో పేరు పెట్టిరి. అది యూరికి దూర్పున నున్నది. ఈ రెండు విమానాశ్రయముల బారు దూరము 479 కిలోమీటర్లు. ఊళ్ల దూరముకంటె నిది ఇరువది కిలోమీటర్లు తక్కువ. పటముమీద లాభము వచ్చినట్లున్నను, ఆ లాభము నేలమీద బ్రయాణికుని చేతినుండి తిరిగి తీసికొనబడును. ఆ సంగతి ముందు చూతము.

మూడవ మెట్టు: పోయిన యరగంట

479 కిలోమీటర్లను గంటకు 800 కిలోమీటర్ల వేగముచే భాగించినచో 36 నిమిషములు వచ్చును. వేళలపట్టికలో నున్నది 70 నిమిషములు. సగమునకు సగము భేదము! కారణములను వరుసగా జూతము.

మొదటిది: వేళలపట్టికలోని కాలము ఎగిరిన కాలము కాదు. విమానము తాను నిలిచిన చోటునుండి కదలిన క్షణము మొదలు, గమ్యముచేరి మరల నిలిచిన క్షణము వఱకు గల కాలమది. నేలమీద చక్రములపై మెల్లగా దొరలి పరుగుబాటకు జేరుట, ముందున్న విమానములు లేచువఱకు గాచుకొనుట, దిగిన పిమ్మట మరల దొరలి నిలువచోటికి బోవుట, ఇవన్నియు అందులోనివే. వీనికే పది పదునైదు నిమిషములు పోవును.

రెండవది: 800 కిలోమీటర్ల వేగము పదివేల మీటర్ల యెత్తున బలుచని గాలిలో వచ్చునది. నేలనుండి లేచు విమానము అందులో మూడవవంతు వేగముననే యుండును. పైకెక్కుటకు పదునైదు నిమిషములకు బైగాను, దిగుటకు ఇరువది నిమిషములకు బైగాను బట్టును. ఇంత చిన్న ప్రయాణములో విమానము ఎత్తుకెక్కి నిండు వేగమున బోవునది పదిపదునైదు నిమిషములు మాత్రమే. ఇంకను ఎక్కుచుండగనే దిగుటకు సిద్ధపడవలసి వచ్చును. మెట్లెక్కి మేడమీద నాలు గడుగులు వేసి వెంటనే దిగివచ్చువాని నడకవంటి దిది.

మూడవది: విమానము గాలికి ఎదురుగా లేవవలెను, ఎదురుగా దిగవలెను. గాలి తూర్పునుండి వీచినచో తూర్పుముఖముగా లేచి, పోవలసిన దిక్కునకు దరువాత దిరుగును. కావున అది పోయిన త్రోవ 479 కిలోమీటర్లకంటె గొంత యెక్కువయే యగును.

నాలుగవది: పైగాలి. ఆ సీమమీద ఎత్తైన యాకాశమున దఱచుగా బడమటిగాలి వీచును. జొహానెస్‌బర్గునుండి డర్బనుకు ఆగ్నేయముగా బోవు విమానమునకు అది వెనుకనుండి తోడ్పడును; మరలివచ్చునపుడు ఎదురగును. ఏటిలో నీటివాలున బోవు పడవకును, ఎదురీదు పడవకును గల భేదమే యిది. అందుచేత పోయిన కాలమును వచ్చిన కాలమును గొన్ని నిమిషములు భేదించును.

జొహానెస్‌బర్గు ఎత్తువలన నింకొక విశేషము. అచ్చట గాలి పలుచన. నీరు సుమారు 94 డిగ్రీలకే మరగును గనుక మూత లేని గిన్నెలో బప్పు ఉడుకుట యాలస్యము. అదే పలుచని గాలి విమానపు రెక్కలను దక్కువగా నెత్తును. కావున విమానము ఎక్కువ వేగమున బరుగెత్తిన గాని లేవజాలదు. అందులకే యచ్చటి పరుగుబాటలలో నొకటి 4,400 మీటర్లకు బైగా పొడవు గలదిగా వేసిరి.

ఇప్పుడు 479 కిలోమీటర్లను 70 నిమిషములకు బంచి చూడుడు. సగటు వేగము గంటకు 410 కిలోమీటర్లు మాత్రమే. ఎనిమిదివందల వేగముగల యంత్రము సగటున నాలుగువందలు పోవుచున్నది. పోయిన యరగంట యీ విధముగా దొరకినది.

దీనినుండి యొక సులభసూత్రము చేసికొందము: దూరమును వేగముచే భాగించి, వచ్చినదానికి అరగంట గలుపవలెను. పెద్ద దూరముతో దీనిని పరీక్షింతము. ఈజిప్టు రాజధానియైన కైరో ఉత్తర అక్షాంశము 30 డిగ్రీల 3 నిమిషములు. జొహానెస్‌బర్గు దక్షిణము 26 డిగ్రీల 12 నిమిషములు. ఒకటి ఉత్తరము, ఒకటి దక్షిణము గనుక ఇచ్చట దీసివేయరాదు, కూడవలెను: 56 డిగ్రీల 15 నిమిషములు. రేఖాంశములు మూడు డిగ్రీలే భేదించును గనుక దానిని విడిచిపెట్టవచ్చును. 56.25 ఇంటు 111, అనగా 6,244 కిలోమీటర్లు. పెద్ద విమానము గంటకు 850 కిలోమీటర్ల చొప్పున 7 గంటల 21 నిమిషములు పోవును. అరగంట గలిపినచో ఇంచుమించు ఎనిమిది గంటలు. అంత పెద్ద ప్రయాణములో అరగంట పదునైదవ వంతు మాత్రమే. చిన్న ప్రయాణములో సగము. చిన్న దూరములకు విమాన మంతగా లాభింపకపోవుటకు ఇదియే కారణము.

నాలుగవ మెట్టు: ఇంటినుండి యింటికి

డర్బనులో నొక గృహస్థు జొహానెస్‌బర్గులోని తన కూతురింటికి బోదలచె ననుకొందము. ఇంటినుండి విమానాశ్రయమునకు ముప్పావుగంట. పరీక్షలకును సామాను అప్పగించుటకును గంటంబావు ముందుగా బోవలెను. ప్రయాణము గంట పది నిమిషములు. దిగి సామాను దీసికొని, అచ్చటి యూరిలోనికి బోవుటకు గంట. మొత్తము నాలుగు గంటల పది నిమిషములు. కారులో నిలువకుండ బోయినచో ఆఱుగంటలు. లాభము రెండు గంటలకంటె దక్కువ. "ముప్పదియేడున్నర నిమిషములు" అన్న మా తరగతి జవాబునకును, ఆ గృహస్థుడు కూతురింటి తలుపు తట్టిన కాలమునకును ఎంత దూరమో చూచితిరా?

గడియారపు చిక్కు మాత్ర మచ్చట లేదు. రెండూళ్లకును ఒకటే కాలము. మనకంటె అది మూడున్నర గంటలు వెనుక. మన బడిలో ఉదయము తొమ్మిదిన్నర గంట కొట్టునపుడు డర్బనులో ఆఱు గంటలు. అచ్చటి పిల్లలు అప్పుడప్పుడే నిద్ర లేచుచుందురు.

ఐదవ మెట్టు: లెక్కకు రాని దూరము

ఇంతవఱకు వచ్చిన లెక్క యంతయు యంత్రములది. ఈ రెండూళ్ల నడుమ నిజముగా బోయినవారి లెక్క చూడని యెడల పాఠము సగమే యగును.

1860లో 'ట్రూరో' ఓడ మద్రాసునుండి డర్బనుకు సుమారు ఐదు వారములలో వచ్చెను. 7,100 కిలోమీటర్లను ఐదు వారములకు బంచినచో గంటకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. సైకిలు తొక్కు బాలుడు దానికంటె వేగముగా బోవును. నేడొక విమానము ఎక్కడను దిగక ఎగిరినచో, మన సూత్రము ప్రకారము తొమ్మిది గంటల చిల్లర. ఓడ యెక్కిన మన జిల్లాలవారిలో నెక్కువమంది యే పటమును జూచినవారు కారు, అక్షరములు రానివారు. తాము పోవు సీమ యింటికి ఆఱు దినముల త్రోవయో, ఆఱు వారముల త్రోవయో ఎఱుగుటకు వారియొద్ద సాధనము లేదు.

1893లో డర్బనునుండి జొహానెస్‌బర్గు మీదుగా ప్రిటోరియాకు ఒక యువ బారిష్టరు బయలుదేరెను. ఆయన మోహనదాస్ కరంచంద్ గాంధి. మొదటి తరగతి టిక్కెట్టు చేత నున్నను, జూను 7వ తేదీ రాత్రి పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనులో ఆయనను రైలునుండి దింపివేసిరి. ఆ రాత్రి చలిలో స్టేషనునందే గడిపెను. అప్పటికి రైలు చార్లెస్‌టౌను వఱకే యుండెను. అచ్చటినుండి గుఱ్ఱపుబండి. బండిలో లోపల గూర్చుండనీయక బయట గూర్చుండబెట్టి, తుదకు కొట్టిరి. జొహానెస్‌బర్గు చేరుసరికి మూడు దినములు పట్టెను. రెండేండ్ల పిమ్మట, 1895లో, రైలుమార్గము జొహానెస్‌బర్గు వఱకు బూర్తియయ్యెను. 1930ల దశాబ్దములో మూడు ఇంజనుల యుంకర్స్ విమానములు ఆ దేశమున దిరుగజొచ్చెను. వాని వేగము గంటకు 250 కిలోమీటర్లు మించదు గనుక అదే దూరము రెండు గంటలకు బైగా పట్టెడిది. పటముమీద దూరము మాఱలేదు. కాలము మాత్రము మూడు దినములనుండి గంటకు వచ్చినది.

అయితే అందఱికిని వచ్చినదా? నేటాలునకును ట్రాన్స్‌వాలునకును నడిమి సరిహద్దు చార్లెస్‌టౌనునకు ఆవల, ఇంచుమించు మన గీత నడుమ, పడును. నేటాలులోని భారతీయుడు అనుమతి లేక ఆ సరిహద్దును దాటరాదని చట్టము. ఒప్పందము తీఱినవారిపై సంవత్సరమునకు మూడు పౌనుల తలపన్ను సహా, ఇట్టి చట్టములను ధిక్కరించి, 1913 నవంబరు 6వ తేదీని 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు గాంధిగారితో గలిసి కాలినడకను ఆ సరిహద్దు దాటిరి. న్యూకాసిలు బొగ్గుగనుల పనివారు వారిలో ననేకులు. తమిళులును దెలుగువారును గూడ నందుండిరి. దినమున కొక్కొక్కరికి తిండి ఒకటిన్నర పౌను రొట్టె, ఒక ఔన్సు చక్కెర. దినమునకు ఇరువదినుండి ఇరువదినాలుగు మైళ్ల చొప్పున నడచి, జొహానెస్‌బర్గు దాపున నున్న టాల్‌స్టాయి క్షేత్రము చేరవలెనని వారి సంకల్పము.

చేరిరా? చేరలేదు. నాలుగు దినములలో గాంధిగారిని మూడుమాఱులు పట్టుకొనిరి. నవంబరు 10వ తేదీని బాల్ఫరు అను స్టేషనుయొద్ద నడచువారినందఱిని రైళ్లలో నెక్కించి నేటాలునకు ద్రిప్పి పంపిరి. బాల్ఫరునుండి జొహానెస్‌బర్గు బారున సుమారు 75 కిలోమీటర్లు. మన 800 కిలోమీటర్ల వేగముతో లెక్కించినచో ఐదాఱు నిమిషములు. ఆ ఐదాఱు నిమిషముల దూరము వారికి దాటరానిదయ్యెను. వారి పాట్లు వృథ కాలేదు. 1914లో మూడు పౌనుల పన్ను కొట్టివేయబడెను. కాని సరిహద్దు అనుమతుల చట్టము వెంటనే పోలేదు. విమానములు పైన నెగురుచుండగనే, డర్బనులోని భారతీయుడు జొహానెస్‌బర్గులోని తన వారిని జూడబోవుటకు 1970ల నడిమి వఱకు అనుమతిపత్రము అడుగుకొనవలసి వచ్చెను. ఏ వేళలపట్టికయు ఈ యాలస్యమును జూపదు.

కావున, విద్యార్థులారా, "ఎంత దూరము?" అను ప్రశ్నలో నాలుగు ప్రశ్నలున్నవి. బారున నెంత? త్రోవలో నెంత? తలుపునుండి తలుపునకు నెంతసేపు? అన్నిటికంటె ముఖ్యముగా, పోవుటకు నాకు స్వాతంత్ర్యమున్నదా? మొదటి మూడింటికి లెక్కల పుస్తకము జవాబు చెప్పును. నాలుగవదానికి చరిత్ర పుస్తకము జవాబు చెప్పును. భూగోళము చదువువాడు రెండింటిని దగ్గఱ నుంచుకొనవలెను.

దలిదండ్రులతో నొక్క మాట. పిల్లలు దూరదేశపు కొలువులకు బోదుమనునపుడు జీతమెంత యని యడుగుచున్నాము. ఆ యూరు పటములో నెచ్చట నున్నదో, రాను పోను నెంత కాలమో, మరలి రాదలచినపుడు రానిత్తురో లేదో గూడ నడుగుడు. ఓడ యెక్కిన ఆ పాతకాలపు తెలుగువారికి ఈ ప్రశ్నలు అడుగుటకు జదువు లేకపోయెను. మన బిడ్డలకు గలదు. దానిని వాడుకొందురుగాక.

అభ్యాసములు

1. గన్నవరము విమానాశ్రయము ఉత్తర అక్షాంశము 16 డిగ్రీల 32 నిమిషములు, తూర్పు రేఖాంశము 80 డిగ్రీల 48 నిమిషములు. బెంగుళూరు విమానాశ్రయము ఉత్తరము 13 డిగ్రీల 12 నిమిషములు, తూర్పు 77 డిగ్రీల 42 నిమిషములు. ఆ ప్రాంతమున రేఖాంశపు డిగ్రీ 107 కిలోమీటర్లు. బారు దూర మెంత? (జవాబు: 497 కిలోమీటర్లు. డర్బను, జొహానెస్‌బర్గుల దూరమునకు ఇంచుమించు సమానమని గమనింపుడు.)

2. పై దూరమునకు మన సులభసూత్రము ప్రకారము ప్రయాణకాల మెంత? మీ యింటినుండి గన్నవరమునకు బోవు కాలమును, ముందుగా జేరవలసిన కాలమును, బెంగుళూరిలో దిగిన తరువాతి కాలమును గలిపి, రాత్రి రైలుతో బోల్చుడు.

3. సూర్యుడు ఒక డిగ్రీ రేఖాంశము దాటుటకు నాలుగు నిమిషములు పట్టును. మైలవరము రేఖాంశము 80 డిగ్రీల 38 నిమిషములు. డర్బనులో మనకంటె ఎంత యాలస్యముగా మధ్యాహ్న మగును? గడియారపు భేదమైన మూడున్నర గంటలకును దీనికిని తేడా యేల వచ్చినది?

4. మీ యింటి పెద్దల నడుగుడు: వారి చిన్ననాట మైలవరమునుండి బెజవాడకు, నందిగామకు, జగ్గయ్యపేటకు నెట్లు పోయెడివారు? ఎంతసేపు పట్టెడిది? వారి జవాబులను దేదీతో సహా మీ నోటుపుస్తకమున వ్రాసియుంచుడు. ఇక నలువదేండ్లకు అది యొక చరిత్ర యగును.